వెయ్యిమంది నోట లక్షలమంది మాట

శంషాబాద్ విమానాశ్రయంలో, బయలుదేరు ద్వారాల దగ్గర వేచి కూర్చున్న ప్రయాణికుల చేతికి ఒక్కొక్కప్పుడు ఒక ప్రశ్నల పట్టిక వస్తుంది. వరుసలో ఎంతసేపు నిలబడవలసి వచ్చినది, మరుగుదొడ్లు శుభ్రంగా ఉన్నవా, సిబ్బంది మర్యాదగా మాట్లాడినారా, దారి చూపే బోర్డులు తేలికగా అర్థమైనవా - ఇట్టి ముప్పైకి పైగా విషయాలకు ఒకటి నుండి ఐదు వరకు మార్కులు వేయమని అడుగుతారు. ఎయిర్‌పోర్ట్స్ కౌన్సిల్ ఇంటర్నేషనల్ అనే ప్రపంచ సంఘం 2006 నుండి నడుపుతున్న సర్వే ఇది. 2008 మార్చిలో తెరచిన శంషాబాద్ విమానాశ్రయం 2009 సంవత్సరపు లెక్కలలో, ఏడాదికి 50 లక్షల నుండి 150 లక్షల వరకు ప్రయాణికులు గల విమానాశ్రయాల తరగతిలో ప్రపంచంలోనే మొదటి స్థానం పొందినది.

ఈ మాట విన్న ఒక విద్యార్థికి సందేహం రావచ్చును. ఆ మార్కులు వేసినది శంషాబాద్ ప్రజలా? కాదు. ఆ ద్వారం దాకా రావటానికి చేతిలో టికెట్టు ఉండాలి. సుమారు 5,500 ఎకరాల విమానాశ్రయపు గోడకు ఆవలనున్న రాళ్లగూడలో, మామిడిపల్లిలో, గొల్లపల్లిలో కాపురముండే వారికి ఆ పట్టిక అందదు. వారిలో కొందరు ఆ విమానాశ్రయంలోనే సామాను మోస్తూ, కార్లు నడుపుతూ, వంటశాలలలో పనిచేస్తూ ఉండవచ్చును. అయినా వారు ప్రయాణికులు కారు. ఇందులో సర్వే తప్పేమీ లేదు. అది ప్రయాణికుల అభిప్రాయం తెలుసుకొనుటకే ఏర్పడినది, ప్రయాణికులనే అడిగినది. ఆ అంకెను ‘శంషాబాద్ ప్రజల సంతృప్తి’ అని ఎవరైనా వ్రాసినప్పుడే తప్పు పుడుతుంది.

ప్రజాభిప్రాయాన్ని కొలిచే శాస్త్రంలో మొదటి పాఠం ఇదే. ‘ఎంతమందిని అడిగినారు?’ అనే ప్రశ్న కంటె ‘ఎవరి తరఫున, ఎవరిని అడిగినారు?’ అనేది ముందు రావాలి.

కుండ కలిపినదా?

అన్నం ఉడికినదో లేదో చూచుటకు కుండలోని మెతుకులన్నీ పట్టి చూడనక్కరలేదని తెలుగు ఇల్లాలికి ఏ గణాంకశాస్త్రజ్ఞుడూ చెప్పనక్కరలేదు. ఒక మెతుకు చాలు. కాని ఈ సామెతలో చెప్పకుండా విడిచిన షరతు ఒకటి ఉన్నది. కుండ అంతటా వేడి సమంగా తగిలి ఉండాలి, లేదా గరిటెతో ఒకసారి కలిపి ఉండాలి. పైన పలుకు, అడుగున మాడు అయిన కుండలో పైమెతుకు పట్టి చూచిన వారు మోసపోతారు.

ప్రజలు కలిపిన అన్నం వంటివారు కారు. ఒకే కులం వారు ఒక వాడలో, ఒకే వృత్తి వారు ఒక వీధిలో, ఒకే రాబడి గలవారు ఒక కాలనీలో ఉంటారు. శంషాబాద్ పరిసరాలనే చూడండి: పాత ఊరు ఒకచోట, లంబాడీ తండాలు ఒకచోట, ఔటర్ రింగురోడ్డు వచ్చిన తరువాత లేచిన కొత్త భవనాలు ఒకచోట, ఉత్తరాది నుండి వచ్చిన కూలీల గదులు మరొకచోట. బస్టాండులో నిలబడి ఎదురైన వందమందిని అడిగితే, బస్సు ఎక్కేవారి అభిప్రాయం తెలుస్తుంది. మధ్యాహ్నం ఇళ్లకు వెళ్లి అడిగితే, మధ్యాహ్నం ఇంట్లో ఉండేవారి అభిప్రాయం తెలుస్తుంది.

ఎక్కువమందిని అడిగితే ఈ దోషం పోతుందని చాలామంది అనుకుంటారు. పోదు. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికలకు ముందు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక దాదాపు కోటి ఓటుకాగితాలు తపాలాలో పంపినది. దాదాపు 24 లక్షలు తిరిగి వచ్చినవి. అంత పెద్ద సర్వే అప్పటికి మరొకటి లేదు. వాటిని లెక్కించి, ల్యాండన్ గెలుస్తాడని పత్రిక ప్రకటించినది. గెలిచినది రూజ్‌వెల్టు, 48 రాష్ట్రాలలో 46 ఆయన పక్షాన నిలిచినవి. పత్రిక చిరునామాలు ఎక్కువగా టెలిఫోను పుస్తకాల నుండి, మోటారుకార్ల జాబితాల నుండి తీసుకొన్నవి. ఆర్థిక మాంద్యం రోజులలో టెలిఫోను, కారు ఉన్నవారు ఎవరో వేరే చెప్పనక్కరలేదు. దానికి తోడు, శ్రమపడి కాగితం తిరిగి పంపినవారు, పంపనివారు ఒకే రకం మనుషులు కారు. అదే ఎన్నికలో జార్జి గ్యాలప్ దాదాపు 50 వేల మందిని మాత్రమే అడిగి, గెలుపు ఎవరిదో సరిగా చెప్పినాడు. పత్రిక కొద్దికాలంలోనే మూతపడినది.

గ్యాలప్ పద్ధతి మరుసటి సంవత్సరమే బ్రిటనుకు చేరినది. 1937లో అక్కడ బ్రిటిష్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ ఒపీనియన్ ఏర్పడినది. అదే సంవత్సరం మాస్ అబ్జర్వేషన్ అనే మరొక సంస్థ వేరొక దారి పట్టినది: ప్రశ్నలడిగి శాతాలు కట్టుట కాక, సామాన్యుల దినచర్యలను వ్రాయించుట, వీధులలో, దుకాణాలలో జనం మాట్లాడుకొనేది విని నమోదు చేయుట. 1945 ఎన్నికలలో యుద్ధవీరుడు చర్చిల్ ఓడిపోతాడని ఎవరూ ఊహించని రోజులలో, గ్యాలప్ సర్వే లేబరు పార్టీ ముందున్నదని చూపినది. న్యూస్ క్రానికల్ పత్రికలో ఆ అంకె అచ్చయినది కూడా. దానిని పట్టించుకొన్నవారు బహు కొద్దిమంది. ఫలితాలు వచ్చిన తరువాతనే బ్రిటనులో ఈ పద్ధతికి గౌరవం కలిగినది.

వెయ్యి ఎందుకు చాలును?

చీటీలు వేసి తీసినట్లు, ప్రతి మనిషికీ ఎంపికయ్యే అవకాశం ముందుగానే తెలిసి ఉండేటట్లు నమూనాను ఎన్నుకొంటే, దానిని యాదృచ్ఛిక నమూనా అంటారు. కుండను గరిటెతో కలిపే పని ఇక్కడ చీటీ చేస్తుంది. ఇట్టి నమూనాలో ఎంత తేడా రావచ్చునో ముందుగానే లెక్కకట్టవచ్చును. పాఠశాల విద్యార్థి గుర్తుంచుకోదగిన మోటు లెక్క ఒకటున్నది: నమూనా సంఖ్యకు వర్గమూలం కట్టి, దానితో ఒకటిని భాగించాలి. 400 మందిని అడిగితే వర్గమూలం 20; ఇరవైలో ఒకటి, అనగా 5 శాతం. వెయ్యిమందికి సుమారు 3 శాతం. 2,500 మందికి 2 శాతం. 10,000 మందికి 1 శాతం. ఇట్లు వందసార్లు సర్వే చేస్తే, దాదాపు 95 సార్లు అసలు విలువ ఈ హద్దులకు లోబడి ఉంటుందని దీని భావం.

ఈ లెక్కలో ఊరి జనాభా ఎక్కడా రాలేదని గమనించాలి. శంషాబాద్ పట్టణానికైనా, కోట్ల జనాభా గల బ్రిటనుకైనా, వెయ్యి నమూనాకు దోషపరిమితి దాదాపు ఒకటే. తరగతిలో ఈ మాట చెప్పగానే నమ్మేవారు తక్కువ. కుండ పెద్దదైనంత మాత్రాన పట్టి చూడవలసిన మెతుకులు పెరగవని గుర్తు చేస్తే కొంత నమ్మకం కుదురుతుంది. మరొక విషయం: దోషాన్ని సగం చేయాలంటే నమూనాను రెండింతలు కాదు, నాలుగింతలు చేయాలి. సర్వేలకు ఖర్చు ఎందుకు పెరుగుతుందో దీనినిబట్టి తెలుస్తుంది.

ఈ విద్య భారతదేశానికి పరాయిది కాదు. బెంగాలులో జనపనార పంటను నమూనా పద్ధతిలో అంచనా వేసిన ప్రశాంతచంద్ర మహలనోబిస్ కృషి ఫలితంగా 1950లో జాతీయ నమూనా సర్వే మొదలైనది. ఆయన సంస్థలోనే 1940 దశకంలో పనిచేసి ప్రపంచఖ్యాతి పొందిన సి.ఆర్.రావు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివినవారు. శంషాబాద్ నుండి రింగురోడ్డు మీద గచ్చిబౌలి వైపు పోతే, హైదరాబాదు విశ్వవిద్యాలయ ఆవరణలో ఆయన పేర ఒక గణిత, గణాంక సంస్థ ఉన్నది. ఇక సర్వే కాగితం లేకుండా, ఊరిలో మకాం వేసి తెలుసుకొనే దారిని ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన ఎస్.సి.దూబే 1951-52లో చూపినారు. హైదరాబాదు సమీపాన శామీర్‌పేటను ఆయన బృందం పరిశీలించినది. దాని ఫలితమే 1955లో వచ్చిన ‘ఇండియన్ విలేజ్’ గ్రంథం. పేర్లు దగ్గరగా ఉన్నందున శామీర్‌పేటను శంషాబాద్‌గా పొరబడేవారున్నారు. ఒకటి నగరానికి ఉత్తరాన, మరొకటి దక్షిణాన ఉన్నవి.

గుమ్మం దగ్గర చీటీ

బ్రిటనులో సాంఘిక విషయాలపై ప్రజల వైఖరి తెలుసుకొనుటకు 1983లో బ్రిటిష్ సోషల్ ఆటిట్యూడ్స్ అనే సర్వే మొదలైనది. రెండు సంవత్సరాలు తప్ప ప్రతి ఏటా జరిగినది. చాలాకాలం సుమారు 3,000 మందిని అడిగేవారు. తపాలా శాఖవారి చిరునామాల జాబితా నుండి ఇళ్లను చీటీపద్ధతిలో ఎన్నుకొంటారు. అంతటితో పని తీరదు. ఎన్నుకొన్న ఇంటిలో నలుగురు పెద్దవాళ్లున్నప్పుడు ఎవరిని అడగాలి? తలుపు తీసినవారిని అడిగితే తలుపు తీసేవారి దేశమే కనిపిస్తుంది. మన ఇళ్లలో ఇది మరింత స్పష్టం. సర్వే మనిషి రాగానే ఇంటాయన ముందుకు వచ్చి కుర్చీ వేయిస్తాడు. కోడలు తలుపుచాటున నిలబడుతుంది. అందుచేత ఇంటిలోపల కూడా చీటీ వేయాలి. ఎవరిని అడగాలో ముందే నిర్ణయించే పట్టికనొకదానిని లెస్లీ కిష్ 1949లో తయారుచేసినాడు. ఆ పట్టిక కోడలి వంతు అని చెప్తే కోడలినే అడగాలి. ఆమె పొలానికి పోయి ఉంటే మళ్లీ రావాలి. ఇంటాయన ‘ఆమెకేమి తెలుసు, నన్నడగండి’ అన్నా సరే.

ఈ పట్టుదలకు ఫలితం ఏమిటో 2015లో తెలిసినది. ఆ సంవత్సరపు బ్రిటిషు ఎన్నికలలో రెండు పెద్ద పార్టీలు సమానంగా ఉన్నవని అభిప్రాయ సేకరణ సంస్థలు చెప్పినవి. కన్సర్వేటివు పార్టీ స్పష్టంగా గెలిచినది. తేలికగా దొరికే వారిని అడిగినందున నమూనా దేశాన్ని పోలి లేకపోవుటే ముఖ్యకారణమని విచారణలో తేలినది. ఎన్నికల తరువాత, ఇంటింటికీ మళ్లీ మళ్లీ తిరిగి అడిగిన బ్రిటిష్ సోషల్ ఆటిట్యూడ్స్ నమూనా మాత్రం అసలు ఫలితానికి చాలా దగ్గరగా వచ్చినది.

మాట మారితే అంకె మారును

నమూనా చక్కగా కుదిరినా, అడిగే మాట వంకరైతే జవాబు వంకరగానే వస్తుంది. 1941లో డొనాల్డ్ రగ్ అనే పరిశోధకుడు ప్రకటించిన అమెరికా ప్రయోగం దీనికి చక్కని నిదర్శనం. ప్రజాస్వామ్యానికి వ్యతిరేకంగా చేసే ఉపన్యాసాలను ‘అనుమతించవలెనా?’ అని ఒక గుంపును, ‘నిషేధించవలెనా?’ అని మరొక గుంపును అడిగినారు. తర్కం ప్రకారం అనుమతించరాదనుట, నిషేధించవలెననుట ఒక్కటే. కాని మొదటి గుంపులో 62 శాతం మంది అనుమతించరాదన్నారు. రెండవ గుంపులో నిషేధించవలెనన్నవారు 46 శాతమే. ‘నిషేధం’ అనే మాట బరువు జనాన్ని వెనుకకు లాగినది.

తెలుగులో ఈ చిక్కు ఇంకా ఎక్కువ. గ్రంథాల మాట ఒకటి, ఇంటి మాట ఒకటి. ‘సమంజసమేనా?’ అని అడిగితే కొందరికి అర్థం కాదు, ‘తప్పు లేదా?’ అంటే భావం కొంచెం జరుగుతుంది. శంషాబాద్ వంటిచోట తెలుగుతో పాటు ఉర్దూ, లంబాడీ, హిందీ మాట్లాడే ఇళ్లుంటవి. ప్రతి భాషలోకి మార్చిన ప్రశ్నను, మూలం చూడని మరొకరిచేత తిరిగి మొదటి భాషలోకి మార్పించి సరిపోల్చుట ఒక ఉపాయం. పైగా వచ్చినవారు ప్రభుత్వం తరఫు మనుషులని, కాదంటే రేషనుకార్డుకో పింఛనుకో ఇబ్బందని అనుకొంటే, అన్నిటికీ ‘అవునండి’ అనే జవాబే వస్తుంది. అందుకే ఒకే విషయాన్ని ఒకసారి అవును వచ్చేటట్లు, మరొకసారి కాదు వచ్చేటట్లు రెండు విధాల అడుగుతారు. రెంటికీ అవునన్నవారు ప్రశ్న వినలేదన్నమాట.

ఎనభైనాలుగు శాతం

ఇంతవరకు చెప్పినదంతా ఒక అంకె ముందు పరీక్షకు నిలుస్తుంది. భారతదేశంలో 2019-21లో ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జరిగినది. 7,24,115 మంది స్త్రీలను, 1,01,839 మంది పురుషులను అడిగినారు. తెలంగాణలో 2019 ద్వితీయార్ధంలో, కోవిడుకు ముందే ఈ పని ముగిసినది. అందులో ఒక ప్రశ్న: భర్త భార్యను కొట్టుట న్యాయమేనా? దీనిని ఊరక అడగరు. ఏడు సందర్భాలు ఒక్కొక్కటి చెప్పి అడుగుతారు. చెప్పకుండా బయటికి పోతే, ఇల్లు పిల్లలను చూచుకోకపోతే, ఎదురు మాట్లాడితే, వంట సరిగా చేయకపోతే, అత్తమామలను గౌరవించకపోతే - ఇట్లు. ఒక్క సందర్భంలోనైనా న్యాయమేనన్న స్త్రీలు భారతదేశమంతటా 45 శాతం. తెలంగాణలో సుమారు 84 శాతం. ఆంధ్రప్రదేశ్‌లోనూ సుమారు 84 శాతం.

ఈ అంకె పత్రికలలో వచ్చినప్పుడు కొందరు నమ్మలేదు, కొందరు సిగ్గుపడినారు. నిజానికి ముందు చేయవలసినది దానిని చదువుట. ‘84 శాతం మంది స్త్రీలు దెబ్బలను సమర్థించినారు’ అనుట సరికాదు. ఏడింటిలో ఆరింటికి కాదని, ఒక్కదానికి అవునన్న స్త్రీ కూడా ఈ లెక్కలో చేరినది. అత్తమామల గౌరవం విషయమే అందరికంటె ఎక్కువమందిచేత అవుననిపించినది. రెండవది, ఈ ప్రశ్న ఆమె దెబ్బలు తిన్నదా అని అడగదు. అది వేరొక ప్రశ్న. దానిని ఇంటికి ఒక స్త్రీనే, ఎవరూ వినకుండా ఏకాంతంలో అడగాలని నియమం. వైఖరి ఒకటి, అనుభవం ఒకటి. మూడవది, ‘న్యాయమేనా’ అన్నప్పుడు కొందరు తమ మనసులోనిది చెప్పినారో, ఊరిలో నడుస్తున్న రీతి చెప్పినారో విడదీయుట కష్టం.

అట్లయితే అంకెను తోసివేయవచ్చునా? వీలుకాదు. ఇదే ప్రశ్నావళి, ఇదే శిక్షణ, ఇవే ఏడు సందర్భాలతో హిమాచల్‌ప్రదేశ్‌లో వచ్చినది సుమారు 15 శాతం. ప్రశ్నలోని లోపాలు రెండుచోట్లా ఉన్నవి. 15కు 84కు మధ్యనున్న దూరం కేవలం అనువాద దోషం వలన వచ్చినదనుటకు చాలా ధైర్యం కావాలి. నమూనా దోషం రెండు మూడు శాతమనుకొన్నా ఆ దూరం చెరగదు. తెలుగు దేశంలో స్త్రీలు చదువులో, ఉద్యోగాలలో ముందుకు వచ్చిన కాలంలోనే ఈ జవాబు వచ్చినది. అది బాధాకరమైన జవాబే.

ఇటువంటి జవాబులు మారవా అంటే, మారుతవి. ఒక్కసారి అడిగితే మార్పు కనిపించదు. అదే మాటలతో ఏళ్ల తరబడి అడగాలి. ‘భర్త పని సంపాదన, భార్య పని ఇల్లు చూచుకొనుట’ అనే మాటతో ఏకీభవిస్తారా అని బ్రిటనులో 1984లో అడిగినప్పుడు 43 శాతం మంది అవునన్నారు. 2012లో అదే మాటకు అవునన్నవారు 13 శాతం. అప్పటివారు మనసు మార్చుకొన్నదెంత, వారు పోయి కొత్తతరం వచ్చినందువలన మారినదెంత అనే విషయంపై అక్కడ ఎంతో పరిశోధన జరిగినది. భారతదేశంలో కొట్టుట న్యాయమన్న స్త్రీలు 2005-06లో 54, 2015-16లో 52, 2019-21లో 45 శాతం. పురుషులు అవే సర్వేలలో 51, 42, 44. స్త్రీల అంకె దిగుతున్నది. పురుషుల అంకె దిగి మళ్లీ కొంచెం లేచినది. ఈ రెండు శాతం పెరుగుదల నిజమో కాదో తొందరపడి చెప్పరాదు: ఐదవ సర్వే కోవిడు వలన రెండు దశలుగా, 2021 ఏప్రిల్ వరకు సాగినది. బ్రిటనులోనూ 2020లో ఇంటికి పోయి అడుగుట ఆపి, ఇంటర్నెట్టు ద్వారా జవాబులు తీసుకొనసాగినారు. ఎదురుగా మనిషి లేనప్పుడు జనం కొన్ని ప్రశ్నలకు వేరుగా జవాబిస్తారు గనుక పాత అంకెలతో పోల్చునప్పుడు జాగ్రత్త పడుతున్నారు.

మరి శంషాబాద్ అంకె ఎంత? అట్టి అంకె లేదు. ఐదవ సర్వేలో పిల్లల టీకాలు, నీటివసతి వంటి విషయాలకు జిల్లాల వారీగా లెక్కలున్నవి; రంగారెడ్డి జిల్లాకూ ఉన్నవి. కాని ఈ సున్నితమైన పెద్ద ప్రశ్నావళిని వందకు పదిహేను ఇళ్లలోనే వాడినారు. అది రాష్ట్రానికి సరిపోతుంది, జిల్లాకు చాలదు. రాష్ట్రపు 84ను తెచ్చి శంషాబాద్‌కు అంటగట్టుట, ప్రయాణికుల మార్కులను ఊరికి అంటగట్టినంత తప్పు.

ఆ అంకె కావాలంటే పని ఇట్లుంటుంది. ఊరు, తండాలు, కాలనీలు, కూలీల గదులు ఒక్కటి విడువక ఇళ్ల జాబితా వ్రాయాలి. జాతీయ సర్వేలో ఎన్నికైన ప్రతిచోట 22 ఇళ్లు తీసినట్లు, ఇరవై ప్రదేశాలలో ఇరవయ్యేసి ఇళ్లు తీస్తే 400 అవుతవి. దోషం మోటుగా 5 శాతం. ఒకేచోట ఉండే ఇళ్లు ఒకే విధంగా ఆలోచిస్తవి గనుక నిజానికి అంతకంటె కొంత ఎక్కువ. నాలుగు భాషల ప్రశ్నలు, అడుగుటకు శిక్షణ పొందిన స్త్రీలు కావాలి. జాబితాలోని ఒక ఇంటికి మొదటిసారి పోయినప్పుడు తాళం ఉంటుంది. ఆమె విమానాశ్రయంలో పగటి షిఫ్టులో ఊడ్చే పనికి పోయింది. రెండవసారి పోయినప్పుడు రాత్రి షిఫ్టు చేసి వచ్చి నిద్రపోతున్నది. పక్కింటివారిని అడిగి పట్టిక నింపుకొనిపోవుట సులువు. ఆమె సెలవు ఏ వారమో కనుక్కొని, ఆనాడు మూడవసారి పోవాలి.